మా అత్త చేతిలో అంగారకుడు

మా మేనత్తకు కండ్లు కనపడవు. నాలుగేండ్ల పిల్లగా ఉన్నప్పుడు తట్టు వచ్చి, అది పోతూ పోతూ చూపు తీసుకొని పోయిందట. మా నాయనకు ఆమె అక్క. పెండ్లి చేసుకోలేదు. ఆమె మాతో ఉండేదని అందరూ అనేవాళ్ళు గానీ, ఇల్లు ఆమె పేరు మీద ఉండేది కాబట్టి మేమే ఆమెతో ఉన్నామనాలి.

జమ్మలమడుగు పాత బస్టాండు పక్కన మాకు ఒక గది ఉండేది. ఒక సగంలో నాయన కుట్టుమిషను, ఇంకో సగంలో అత్త టెలిఫోన్ బూతు. వికలాంగుల కోటాలో ఆమెకు వచ్చిన బూతు అది. ఊళ్ళో ఎవరి కూతురు ఏ ఊళ్ళో ఉందో, అక్కడ నంబరెంతో అత్తకు నోటికి వచ్చు. వచ్చినవాళ్ళు పేరు చెప్పకముందే గొంతు పట్టుకొని, "ఏమప్పా, జలుబు చేసినట్టుండాదే" అనేది. కొత్తవాళ్ళు కాసేపు తడబడి, తర్వాత ఆమెకు చూపు లేదన్న సంగతే మరిచిపోయేవాళ్ళు. మేం కూడా చాలాసార్లు మరిచిపోయేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే అందులో మా తప్పు కూడా కొంత ఉంది.

2003 ఆగస్టులో బూతుకు వచ్చేవాళ్ళందరి నోటా అంగారకుడి మాటే. అరవై వేల ఏండ్లలో ఎప్పుడూ రానంత దగ్గరికి వస్తున్నాడని పేపర్లో వేశారు. అది నిజమే. కానీ ఆ మాట పేపరు నుంచి బస్టాండుకు వచ్చేసరికి, చంద్రుడంత పెద్దగా కనపడతాడట అని మారిపోయింది. నేను అప్పుడు ప్రొద్దుటూరులో బీయస్సీ రెండో సంవత్సరం చదువుతూ రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. అట్లా ఏమీ కనపడడని చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు.

వినాయక చవితికి నాలుగు రోజులుందనగా, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మిద్దె ఎక్కాం. పక్కింటివాళ్ళు కూడా గోడ దాటి మా మిద్దె మీదికే వచ్చారు. పగలు పడిన జల్లుకు ఆకాశం శుభ్రంగా ఉంది. తూర్పు వైపు, కొంచెం దక్షిణానికి, ఇంకా తక్కువ ఎత్తులోనే ఉన్నాడు. నారింజ రంగులో, మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలుగుతున్నాడు. నాకైతే చాలా నచ్చాడు. పక్కింటావిడ మాత్రం "ఇంతేనా" అని పిల్లలను వెంటబెట్టుకొని దిగిపోయింది. అమ్మ అన్నం పెట్టడానికి దిగింది. నాయన బీడీ కాల్చుకోవడానికి ఆ చివరికి పోయాడు.

అత్త పిట్టగోడకు ఆనుకొని కూర్చొని ఉంది.

"ఎట్లుండాది పాపా?" అని అడిగింది.

"ఎర్రగా, చుక్క మాదిరి ఉండాది అత్తా."

"చుక్క ఎట్లుంటాది?"

నేను ఆలోచించి, "మిగతా చుక్కల కంటే పెద్దది. అవి మినుకుమంటాయి, ఇది మినుకుమనదు" అన్నాను.

ఆమె నవ్వింది. "నువ్వు చెప్పిన దాంట్లో నాకు తెలిసిన మాట ఒకటి కూడా లేదు."

ఆ మాటలో బాధ లేదు. నిజం చెప్పిందంతే. నాకే తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఆమే అంది.

"చుక్క సంగతి వదిలేయి. అది కూడా మన భూమి మాదిరి గుండ్రంగా ఉండే నేలే గదా. దాని మీద ఏముండాయో చెప్పు. చెయ్యి పెడితే ఏం తగుల్తాది?"

అంగారకుడి గురించి అట్లాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎప్పుడూ అనుకోలేదు. పరీక్షలో రెండు మార్కులకు రాసే జవాబు తప్ప నా దగ్గర ఏమీ లేదు. మరునాడు కాలేజీ లైబ్రరీలో వెతికితే గ్రహాల మీద ఒక పెద్ద పుస్తకం దొరికింది. అందులో అంగారకుడి పటం రెండు పేజీల నిండా ఉంది. లైబ్రేరియన్ ఇంటికి ఇవ్వనన్నాడు. మధ్యాహ్నం భోజనం బెల్లులో కూర్చొని నోటుబుక్కులోకి ఎక్కించుకొని, సాయంత్రం బూతులో అత్త పక్కన స్టూలు వేసుకొని చదివి చెప్పేదాన్ని. ఫోను మోగినప్పుడల్లా ఆపేవాళ్ళం.

ఆమె ప్రతి సంగతినీ తనకు పనికొచ్చే లెక్కలోకి మార్చుకొనేది. అంగారకుడి మీద ఒక రోజు మన రోజు కంటే దాదాపు నలభై నిమిషాలు ఎక్కువని చెబితే, "మధ్యాన్నం ఒక కునుకు తీయచ్చు" అంది. భూమి మీద అరవై కిలోలున్న మనిషి అక్కడ ఇరవై మూడు కిలోలే తూగుతాడని చెబితే, మోకాళ్ళు రాసుకుంటూ, "నా కాళ్ళకు అది మంచి ఊరు పాపా" అంది. సంవత్సరం మన దాంట్లో దాదాపు రెండింతలని చెబితే, నాయన మిషను ఆపి, "అయితే నాకు ఇరవై నాలుగేండ్లే" అన్నాడు.

రంగు దగ్గర ఇబ్బంది వచ్చింది. ఎరుపు ఆమెకు గుర్తు లేదు. నాలుగేండ్ల లోపల చూసిన వాటిల్లో వాళ్ళమ్మ చేతి గాజులు కదలడం ఒక్కటే లీలగా గుర్తుందట, వాటి రంగు గుర్తు లేదట. ఆ నేలలో ఇనుము ఎక్కువ, అది తుప్పు పట్టింది, అందుకే ఆ రంగు అని చెప్పాను.

"తుప్పా?" అని లేచి, బూతు షట్టరు అంచు మీద చెయ్యి రుద్ది, ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేనా?"

"ఇదే."

"ముందే చెప్పక, ఎరుపు ఎరుపు అంటావేమి" అని కసిరింది.

గాలి సంగతి చెప్పిన రోజు మాత్రం ఇట్లా కాలేదు. అక్కడి గాలి మన గాలిలో నూరో వంతు కూడా లేదని, అందుకే అంత చలి అని, శబ్దం కూడా సరిగ్గా సాగదని చెప్పాను. పక్కన మనిషి నిలబడి పిలిచినా చాలా సన్నగా వినపడుతుందన్నాను. ఆమె ముఖం వీధి వైపు తిప్పింది. బయట ప్రొద్దుటూరు బస్సు కదిలింది. కండక్టరు అరుపు, పక్క టీ కొట్లో గిన్నెల చప్పుడు, ఎవరో చెరుకు రసం మిషను తిప్పుతున్న గంటల మోత.

"అట్లయితే నాకు ఆ ఊరు వద్దులే" అంది చివరికి.

మరునాడు మళ్ళీ తనే అడిగింది, "కొండలుండాయా ఆడ?" అని. ఉన్నాయని, మన సూర్యకుటుంబంలో అంత ఎత్తయిన అగ్నిపర్వతం ఇంకెక్కడా లేదని, దాని పక్కనే నాలుగు వేల కిలోమీటర్ల పొడవున నేల చీలి ఉందని చెప్పాను. పటం కూడా ఉందన్నాను. "పటం నాకెందుకు పనికొస్తాది" అంది. అప్పుడు నాకు మట్టితో గోళం చేయిస్తే బాగుంటుందనిపించింది.

మా వీధి చివర కుండలు చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. అనంతపురంలో ఇచ్చిన కూతురికి ఫోను చేయడానికి ఆదివారం ఆదివారం బూతుకు వచ్చేవాడు. నేను పోయిన రోజు ఆయన వాకిలి నిండా తడి మట్టి వినాయకులు వరసగా ఆరుతున్నాయి. సంగతి చెప్పాను.

"అంగారకుడంటే నవగ్రహాల్లో ఉండే కుజుడు కదమ్మా. విగ్రహం చేయాల్నా?"

"విగ్రహం కాదు తాతా. ఒక పెద్ద బంతి. దాని మీద కొండలు, లోయలు. అత్త చేత్తో తడిమి చూసుకోనీకి."

ఆయన వినాయకుడి తొండం మీద తడి గుడ్డతో రుద్దుతూ కాసేపు ఆలోచించాడు. "చవితి అయిపోనీ. అయినాక రా" అన్నాడు.

చవితి పోయిన వారానికి గోళం తయారైంది. గిన్నెల్లాంటి రెండు గుండ్రటి చట్లు కుమ్మరి సారె మీద చేసి, అంచులు అతికి బంతి చేశాడు. కొలత నాయన టేపుతో నేనే తీశాను, అడ్డం ముప్పై నాలుగు సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరుకు రెండు వందల కిలోమీటర్లని లెక్క. కొండను చింతగింజంత ఎత్తు పెట్టించాను. లోయను నా చిటికెన వేలు దూరేంత లోతు చేయించాను. దక్షిణం సగమంతా గుంటలు గుంటలుగా వేళ్ళతో నొక్కాడు పెద్దాయన. కుండలు కాల్చే ఆవంలో కాలి వచ్చాక ఎర్రగా, చూడడానికి ఎంత బాగుందంటే, పుస్తకంలో బొమ్మకంటే నాదే బాగుందనుకున్నాను. బూతుకు వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

అత్త ఒళ్ళో పెట్టుకొని ఒకటికి రెండుసార్లు తిప్పి తడిమింది. "ఇది కొండా? ఇది లోయా?" అని అడిగింది. అంతే. ఆమె ముఖంలో నేననుకున్న సంతోషం కనపడలేదు.

"ఈ లోయ ఎంత లోతంటివి?"

"కొన్ని చోట్ల ఏడు కిలోమీటర్లు."

"గండికోట లోయ ఎంతుంటాది?"

"మూడు వందల అడుగులుంటాదంటారు."

"మూడు వందల అడుగులంటే ఎంతో కూడా నాకు తెల్దు గదా పాపా. నేనెప్పుడు చూసినా?"

మిషను చప్పుడు ఆగింది. గండికోట మా ఊరికి పదిహేను కిలోమీటర్లు. ఇంటికి ఏ చుట్టాలొచ్చినా తోడుకొని పోయి చూపించేవాళ్ళం. నేనే ఆరేడుసార్లు పోయి ఉంటాను. ప్రతిసారీ అత్తను ఇంటి దగ్గర వదిలే పోయాం. చూడడానికి ఏముంది ఆమెకు అని ఎవరూ నోటితో అనలేదు గానీ, అందరూ అనుకున్నది అదే.

ఆ ఆదివారం నాయన ఆటో మాట్లాడాడు. బూతు సగం పూట మూసి ముగ్గురం పోయాం. కోట లోపల ఊరు దాటి, మసీదు వెనక నుంచి బండల మీదుగా నడిచాం. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చదరంగా పగిలిన ఎర్ర బండలవి. నాయన ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకున్నాం. అంచు ఇంకా ఇరవై అడుగులుందనగానే అత్త నిలబడిపోయింది.

"ఈన్నుంచి నేల లేదు" అంది.

"నీకెట్ల తెలిసె?" అన్నాడు నాయన.

"గాలి కింది నుంచి వస్తాంది. నీళ్ళ వాసన వస్తాంది."

తర్వాత ఆమె కూర్చొని, బండ మీద కొంచెం కొంచెం జరుగుతూ అంచు దాకా పోయింది. నాయన ఆమె నడుము దగ్గర చీర కుచ్చిళ్ళను రెండు చేతులా పట్టుకొని వెనక చతికిలబడ్డాడు. ఆమె బండ అంచు మీద చెయ్యి వేసి, కిందికి ఎంత దూరం అందుతుందో చూసుకుంది. ఆ తర్వాత, "ఒక రాయి ఇయ్యి" అంది.

కోడిగుడ్డంత రాయి ఇచ్చాను. దాన్ని ముందుకు విసిరి, ఊపిరి బిగబట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. నాకు ఏమీ వినపడలేదు. ఆమె మాత్రం తల ఊపి, "నాలుగు దాటినాక తగిలింది. ఆమీద ఇంగో రెండుసార్లు దొర్లింది" అంది. ఇంకో రాయి అడిగింది. ఇంకోటి. పది దాకా వేసింది. ఒకసారి రెండు చేతులు నోటి దగ్గర పెట్టి, "ఓయ్" అని పిలిచింది. ఎదుటి కొండ నుంచి ఆ గొంతు తిరిగి వచ్చేదాకా తల కొంచెం వంచుకొని విన్నది. "అవతలి గట్టు శానా దూరం లేదే" అంది.

నాయన కుచ్చిళ్ళ మీద పట్టు వదలకుండానే, "అక్కా, నిన్ను ఒక్కసారన్నా ఈడికి తోడుకొని రావల్లని నాకు తోచనే లేదు" అన్నాడు.

"నేను అడగలేదు గదప్పా" అంది అత్త. ఆమె చెయ్యి వెనక్కి పోయి ఆయన మోకాలు తట్టింది.

ఆ రోజు చూసినంత దగ్గరగా గండికోటను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పెన్నలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఇసుక మీద ఒక పచ్చటి తాడులా. ఆ సంగతి అత్తతో చెబితే, "తాడంత నీళ్ళేనా ఇంత చప్పుడు చేస్తాండేది" అంది. నాకు నీళ్ళ చప్పుడు కూడా వినపడలేదు.

అంగారకుడి మీద లోయ ఇట్లాంటి గండికోటలు డెబ్బై ఎనభై ఒకదాని కింద ఒకటి పెట్టినంత లోతని చెప్పాను. అక్కడ రాయి వేస్తే, బరువు తక్కువ కాబట్టి మెల్లగా పడుతుంది, నిట్టనిలువుగా పోయినా అడుగు చేరేదానికి నిమిషం పైన పడుతుందన్నాను. "చేరినా వినపడదు" అని ఆమే అంది.

వచ్చేటప్పుడు ఆటోలో అత్త వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతూ ఉంది. అలసిపోయిందనుకున్నాను. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండానే గోళం దగ్గరికి పోయి, కొండ మీద వేలు పెట్టి నన్ను పిలిచింది.

"ఒక సెంటీమీటరుకు ఎంతంటివి?"

"రెండు వందల కిలోమీటర్లు."

"ఈ కొండ ఎంత ఎత్తుండాది?"

నాయన టేపు పెట్టి చూశాడు. "సెంటీమీటరు" అన్నాడు.

"అంటే రెండు వందల కిలోమీటర్ల ఎత్తు కొండ. ఈడి నుంచి కర్నూలు కంటే ఎక్కువ. నిజానికి ఎంతుండల్ల?"

"ఇరవై రెండు, ఇరవై మూడు కిలోమీటర్లు" అన్నాను.

"లోయ సంగతి చెప్పనే పనిలేదు. చిటికెన వేలు దూరుతాంది. ఏమే, నాకు అబద్ధం చేసి తెచ్చినావా?"

బొమ్మల్లో అట్లా ఎత్తులు పెంచి చూపిస్తారని, లేకపోతే ఏమీ కనపడదని సమర్థించుకోబోయాను.

"ఎవురికి కనపడదు?" అంది.

ఆమె కోపంగా లేదు. నా చెయ్యి తీసుకొని తన వేళ్ళ కొనల మీద పెట్టింది. "పాపా, నోటు పాతదో కొత్తదో, చినిగి అతికిచ్చిందో నాకు ఈ వేళ్ళు చెప్తాయి. వెంట్రుక అడ్డముంటే తెలుస్తాది. కండ్లుండేవాళ్ళకు చూపిచ్చేది నాకెందుకు? ఉన్నది ఉన్నట్టు చేసి తే."

ఆ రాత్రి నోటుబుక్కు ముందు పెట్టుకొని లెక్క మళ్ళీ మొదటి నుంచి చేశాను. కొండ మూడు సెంటీమీటర్ల వెడల్పున, మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ ఎత్తుండాలి. రూపాయి బిళ్ళ మందం కూడా కాదు. లోయ జానెడు పొడవుండాలి, లోతు మాత్రం పోస్టుకార్డు మందం అంతే. అంత పెద్ద కొండలు, అంత పెద్ద లోయ, గ్రహం పక్కన పెడితే ఇంతేనా అని నాకే ఆశ్చర్యమేసింది. అంతకుముందు ఆ అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. కానీ వాటిని పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

పెద్దాయన దగ్గరికి మళ్ళీ పోతే, కొలతలు విని నవ్వాడు. "ఇంత సన్నపు పని ఎవురికి కనపడతాది తల్లీ?"

"కనపడాల్సిన పని లేదు తాతా. తగిలితే చాలు."

ఆయన నవ్వు ఆపి నా వైపు చూశాడు. "ఫోను తిప్పేటప్పుడు ఆమె వేళ్ళు చూసినా" అన్నాడు. మట్టి నానబెట్టడానికి లేచాడు.

ఆ గోళానికి నెల పైనే పట్టింది. మట్టిని రెండుసార్లు గుడ్డలో వడకట్టాడు. బంతి ఆరుతుండగా నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు, ఎందుకంటే మామూలు కుండ గరుకే మా కొండ కంటే ఎక్కువ. పల్చటి మట్టినీళ్ళను వేలితో ఒక పూత వేసి, అది ఆరాక ఇంకో పూత వేసి, అట్లా కొండను పెంచాడు. లోయను తుమ్మముల్లుతో గీశాడు. కండ్లతో చేస్తే ఎక్కువైపోతాందని, చివరికి వచ్చేసరికి కండ్లు మూసుకొని తడిమి చూసుకుంటూ చేశాడట. మొదటిది ఆవంలో పగిలిపోయింది. ఆయన వెంటనే ఇంకోటి మొదలుపెట్టాడు. డబ్బుల మాట ఎత్తితే, ఆవంలో ఎట్లాగూ కొంచెం ఖాళీ ఉంటుంది కదా అన్నాడు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం దాన్ని పాత చీరలో చుట్టి బూతుకు తెచ్చాను. పెద్దాయన కూడా నా వెంటే వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. చీర విప్పగానే నాయన చూసి, "దీని మీద ఏమీ లేదు కదమ్మా. ఉత్త బంతి" అన్నాడు. నిజంగానే, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే తప్ప ఏమీ కనపడదు.

అత్త చేతులు కడుక్కొని, తుడుచుకొని, కూర్చుంది. గోళం ఒళ్ళో పెట్టాను. పైన ధ్రువం దగ్గర మొదలుపెట్టి కిందికి రెండు చేతులూ నిదానంగా తెచ్చింది. "పై సగం నున్నగుండాది. కింది సగం గుల్లలు గుల్లలుగా ఉండాది" అంది. మొదటి గోళం మీద మోటు గుంటలు తడిమింది గానీ, ఆ తేడా సంగతి నేను అప్పటిదాకా చెప్పలేదు. అంగారకుడి ఉత్తరం నిజంగా పల్లపు మైదానం, దక్షిణం ఎత్తుగా, గుంటలమయం.

తర్వాత ఆమె కుడిచేతి చూపుడు వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది.

"ఇది లోయ" అంది.

ఈ చివర నుంచి ఆ చివరికి, చీమ నడిచినట్టు, వేలు మెల్లగా జరిగింది. ఒక్కసారి కూడా దారి తప్పలేదు. లోయ అయిపోయినాక పడమరకు పోయి మళ్ళీ ఆగింది.

"ఈ మూడేంది? ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉండాయి."

అవి మూడు అగ్నిపర్వతాలు. పెద్ద కొండ కంటే చిన్నవి. వాటి గురించి నేనెప్పుడూ చెప్పలేదు, పటంలో ఉన్నాయి కాబట్టి పెద్దాయనకు గీసి ఇచ్చానంతే. గడప దగ్గర పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ మూడూ దాటి పైకి రా అమ్మా" అన్నాడు.

అత్త వేలు పైకి జరిగింది. ఇంకొంచెం జరిగింది. అక్కడ నిలబడి, చిన్న గుండ్రం చుట్టింది. అప్పుడు నేను మూడు నెలలుగా ఎదురుచూసిన నవ్వు ఆమె ముఖంలో చూశాను.

"ఎక్కుతాంటే ఎక్కుతాన్నట్టే లేదు పాపా. ఇంత పెద్ద కొండ మీద నడిచేవానికి కొండ ఎక్కుతాండానని కూడా తెల్దు" అంది.

పుస్తకంలో సరిగ్గా అదే రాసి ఉంది. ఆ కొండ వాలు ఎంత తక్కువంటే, దాని మీద నిలబడిన మనిషికి అది కొండలా కనపడదని. నేను ఆ వాక్యం చదివి దాటిపోయాను. అత్త వేలితో కనుక్కుంది.

ఆ మధ్యాహ్నం బూతు రెండు గంటలు ఆలస్యంగా తెరిచాం. ఫోనుకు వచ్చినవాళ్ళు బయట నిలబడి, ఏమైందని నాయనను అడిగారు. "మా అక్క అంగారకుడి మీదికి పోయింది, వస్తాది" అన్నాడు.

తర్వాత గోళం బూతులోనే, టెలిఫోను పక్కన, చుట్టకుదురు మీద ఉండేది. లైను దొరికేదాకా కూర్చున్న వాళ్ళకు అత్త కండ్లు మూసుకోమని చెప్పి చేతులు పెట్టించేది. చాలామందికి ఏమీ తగిలేది కాదు. అమ్మాయిల హైస్కూలు టీచరమ్మ ఒకామె ఫోను చేయడానికి వచ్చి, ముప్పావు గంట కూర్చొని, చివరికి లోయ పట్టుకుంది. మరుసటి వారం అత్తను స్కూలుకు పిలిచింది.

నేను కాలేజీ ఎగ్గొట్టి వెంట పోయాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు, నలభై మంది దాకా ఉంటారు. అత్త కుర్చీలో కూర్చొని, ఎవరూ చెప్పకుండానే గోడ ఎంత దూరంలో ఉందో, గది ఎంత పెద్దదో వినికిడితో కొలుచుకొని, గొంతు సరిచేసుకుంది. "కండ్లు మూసుకోండి. ఎవురన్నా తెరిస్తే నాకు తెలుస్తాది" అంది. ఎట్లా తెలుస్తుందని ఎవరూ అడగలేదు, అందరూ మూసుకున్నారు. గోళం ఒక్కొక్కరి ఒళ్ళోకి పోయింది. తుప్పు సంగతి, మోకాళ్ళ సంగతి, నలభై నిమిషాల కునుకు సంగతి, అన్నీ తన మాటల్లో చెప్పింది. గాలి దగ్గరికి వచ్చేసరికి, "ఇప్పుడు ఎవురూ మాట్లాడొద్దండి. చెవులు కూడా మూసుకోండి. ఆడ ఇట్లుంటాది" అంది. నలభై మంది కండ్లూ చెవులూ మూసుకొని కూర్చున్న ఆ గదిలో నేనూ టీచరమ్మా మాత్రమే ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం.

తర్వాత ఏటా పిలిచేవాళ్ళు. 2004 జూన్‌లో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా పోయిన రోజు బస్టాండంతా వెల్డింగు అద్దాలు పట్టుకొని పైకి చూస్తుంటే, కుండల పెద్దాయన నేరుగా బూతుకు వచ్చాడు. ఆ రోజు ఆదివారం కాదు.

"శుక్రుడు ఎట్లుంటాడమ్మా?" అని అత్తనడిగాడు.

అత్త నన్నడిగింది. దాదాపు భూమంతే ఉంటుందని, మిగతా అన్నిట్లో అంగారకుడికి వ్యతిరేకమని చెప్పాను. గాలి బరువు మన గాలికి తొంభై రెట్లు, సీసం కరిగిపోయేంత వేడి, తన చుట్టూ తాను ఎంత మెల్లగా తిరుగుతుందంటే ఒక్క తిరుగుడుకు మన ఎనిమిది నెలలు పడుతుంది. పైన మేఘాలు ఎప్పుడూ విడవవు. ఎంత పెద్ద దుర్భిణితో చూసినా నేల కనపడదు.

"కనపడకపోతే కొండలుండాయో లేదో ఎట్ల తెలిసె?" అన్నాడు పెద్దాయన.

"రేడియో అలలు కిందికి పంపి, అవి తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి ఎత్తుపల్లాలు కొలిచినారు తాతా."

అత్త తల పైకెత్తింది. "అంటే తడిమి చూసినారు."

"అంతే అనుకో."

"కండ్లుండేవాళ్ళు కూడా" అంది. తర్వాత పెద్దాయన నిలబడిన వైపు తిరిగి, "అన్నా, దీన్ని ఎంత పెద్దది చేస్తాం?" అని అడిగింది.

ఆయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. భూమంత ఉండేదాన్ని అంగారకుడి లెక్కతోనే చేస్తే అరవై సెంటీమీటర్లవుతుంది, తన ఆవంలో పట్టదన్నాడు. లెక్క మారిస్తే రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు అబద్ధమవుతుందని అత్త అంది. ఆవం పెద్దది కడతానన్నాడు ఆయన. నన్ను పుస్తకం తెమ్మన్నారు, తెచ్చాను. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నా అవసరం పడలేదు. బయట జనం ఇంకా సూర్యుడి వైపు చూస్తూనే ఉన్నారు.